ఒక్క 'సరే'

లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని కబురొస్తే, అది తలుపు పెట్టిన పేచీనో మోటారు పెట్టిన పేచీనో అక్క మెట్లెక్కుతూనే చెప్పేసేది. చెప్పడమంటే మామూలుగా కాదు, టీ పందెం కాసి మరీ చెప్పేది. లిఫ్టుల మరమ్మతు కంపెనీలో ఆవిడ సీనియర్ మెకానిక్కు. వయసులో తనకన్నా పెద్దవాడైన మేనేజరుతో సహా అక్కడ అందరూ ఆవిడను "అక్కా" అనే పిలుస్తారు. ఆ పిలుపు మీద అసలు హక్కున్న తమ్ముడు కూడా అదే కంపెనీలో, ఆవిడ చేతి కిందే పనిచేస్తున్నాడు. అతనికి మాత్రం కంపెనీ వాళ్లు పెట్టిన పేరు 'ఇంకోసారి'.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు వాళ్ల పని పద్ధతి చెప్పాలి. ఒకరు బిగించినదాన్ని రెండోవాళ్లు చేత్తో పట్టి చూడాలి. చూసి, బయటికి వినపడేలా "సరే" అనాలి. ఆ మాట పడ్డాకే కరెంటు వెయ్యాలి. తల ఊపితే చెల్లదు, "ఊఁ" అంటే అసలే చెల్లదు. ఈ పద్ధతిని కంపెనీలో అందరి మెడలు వంచి అమలు చేసింది అక్కే. తమ్ముడు బ్రేకు బిగించి "సరేనా అక్కా?" అంటాడు. ఆవిడ పట్టి చూసి "సరే" అంటుంది. అంతవరకూ అందరిలాగే. ఆ తర్వాత తమ్ముడు పనిముట్లు సర్దుకుని, మోటారు గదికి తాళం వేసి, మెట్లు దిగబోతూ ఆగిపోతాడు.

"అక్కా, ఇంకోసారి చూసొస్తా."

వెళ్లి చూసి వస్తాడు. రెండు మెట్లు దిగి మళ్లీ ఆగుతాడు. "సరేనా అక్కా?"

"సరేరా బాబూ, సరే. మహా సరే. పద, ఆకలేస్తోంది."

వేరే ఏ కొలువులో ఉన్నా ఈపాటికి ఎవరో ఒకరు అతని వంక వింతగా చూసేవాళ్లు. ఇక్కడ మాత్రం భుజం తట్టారు. మనుషులు ప్రాణాలు అప్పగించి ఎక్కే పెట్టె కదా మరి! లిఫ్టుల యజమానులు అతన్నే పంపమని అడిగేవాళ్లు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మేనేజరు అతన్నే చూపించి, జాగ్రత్తంటే అలా ఉండాలనేవాడు. మరీ విసుగొస్తే తోటివాళ్లు "ఏం చాదస్తంరా నీది" అని నవ్వి ఊరుకునేవాళ్లు. అక్కకైతే తమ్ముడంటే లోపల కొండంత గర్వం. పైకి చెబితే నెత్తికెక్కుతాడని చెప్పేది కాదు.

ఒక సెలవు రోజున మరదలు, తమ్ముడి భార్య, ఒక్కతే వచ్చింది. ఇచ్చిన కాఫీ తాగకుండా గ్లాసు వంక చూస్తూ కూర్చుంది.

"ఏంటే, అందులో ఏమైనా పడిందా?" అంది అక్క.

"వదినా, మీ కంపెనీలో పని పెరిగిందా?"

"ఎప్పుడూ ఉన్నదే. ఏం?"

"మీ తమ్ముడు రోజూ ఆలస్యంగా వస్తున్నాడు. అడిగితే పనుందంటాడు. మొహం చూస్తే అబద్ధమని తెలిసిపోతోంది. ఇంటికొచ్చినా మనిషి ఇంట్లో ఉండడు. పాప ఏదో చెబుతుంటే గోడ వంక చూస్తుంటాడు. పాపను లిఫ్టు ఎక్కనివ్వడం లేదు వదినా. మా అంతస్తు దాకా ఎత్తుకుని మెట్లెక్కుతున్నాడు. నిన్న నేను దాన్ని తీసుకుని లిఫ్టులో వచ్చేశానని వణికిపోయాడు. కోపం కాదు, వణుకు." అంతసేపూ ఆపుకున్న ఏడుపు అక్కడ బయటపడింది. "ఇంకెవరైనా ఉన్నారా వదినా? నాకు చెప్పండి, ఏమీ అనుకోను."

"వాడికా? ఇంకో ఆడదా?" అక్కకు నవ్వాగలేదు. "చెప్పుల జత ఎంచుకోవడానికే వాడికి పూటంతా పడుతుంది. పిచ్చి మొహమా, వాడికంత తీరికెక్కడిది? రేపు నేను చూస్తాగా."

చూస్తానంటే ఆవిడ చూసే రకమే. మర్నాడు సాయంత్రం పని ముగియగానే తమ్ముడు "కాస్త పనుందక్కా" అని ఇంటివైపు కాకుండా వేరే దారి పట్టాడు. అక్క తలకు కండువా చుట్టుకుని, డిటెక్టివులా గోడలవారగా వెంట నడిచింది. దారిలో తెలిసినవాళ్లు ముగ్గురు "ఏంటక్కా, పంటినొప్పా?" అని అడిగారు గానీ, తమ్ముడు మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

అతను నేరుగా ఆ ఉదయం వాళ్లిద్దరూ లిఫ్టు బాగుచేసి వచ్చిన బట్టల దుకాణంలోకి వెళ్లాడు. లిఫ్టుకు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. తలుపు తెరుచుకుని మనుషులు నడిచి బయటికొస్తే ఊపిరి వదులుతున్నాడు. తలుపు మూసుకుంటే ఊపిరి బిగబట్టుకుంటున్నాడు. చంటిపిల్ల బండిని తోసుకుంటూ ఒకావిడ లిఫ్టు ఎక్కబోతే లేచి నిలబడ్డాడు. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్లి వచ్చాడు. వీధి తలుపు దాకా నడిచాడు. గడప దగ్గర ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ మెట్లెక్కాడు.

"ఈయన ఎప్పుడు ఇక్కడ లిఫ్టు బాగుచేసినా ఇంతేనమ్మా," అన్నాడు కాపలావాడు. "ఇక్కడ కాకపోతే అవతలి వీధిలో బ్యాంకు దగ్గరుంటాడట. ఎంత బాధ్యతో!"

ఇంకో ఆడది లేదని తేలినందుకు అక్కకు మొదట నవ్వొచ్చింది. తమ్ముడు మెట్లు దిగుతున్నప్పుడు మొహం కనబడింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. పని బాగా చేసినవాడి మొహంలో ఉండాల్సిన తృప్తి అందులో చుక్కైనా లేదు. చెమటలు కారుతున్నాయి. ఎవరో మెడ పట్టి తోస్తే నడుస్తున్నట్టున్నాడు.

లిఫ్టు తలుపు దగ్గర, ఎవరైనా అడ్డముంటే కనిపెట్టే చిన్న కన్ను ఉంటుంది. దాని మీద దుమ్ము పడితే తలుపు మూసుకోబోయి మళ్లీ తెరుచుకుంటుంది. అడ్డంగా ఎవరూ ఉండరు. కానీ తలుపు లెక్కలో ఎవరో ఉన్నట్టే. మూసుకోబోతుంది, తెరుచుకుంటుంది. అలాంటి తలుపును చూసి ఎంత బాధ్యతో అని అక్క ఏనాడూ మెచ్చుకోలేదు. మరి తమ్ముడిని ఇన్నేళ్లూ ఎందుకు మెచ్చుకుంది? కండువా తీసేసి వెళ్లి, మళ్లీ బల్ల మీద చేరిన తమ్ముడి పక్కన కూర్చుంది.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. పారిపోవడానికి చోటు లేక తల దించుకున్నాడు.

"ఏం చూస్తున్నావురా?"

"బ్రేకు."

"పొద్దున నేను పట్టి చూసి సరే అన్నానుగా?"

"అన్నావు."

"నువ్వు బిగించావుగా?"

"బిగించాను. బిగించానని నాకు తెలుసక్కా. చేతులకు కూడా గుర్తుంది. కానీ గడప దాటగానే ఈ పెట్టె కింద పడినట్టు కనబడుతుంది. లోపల పిల్లలుంటారు. నా వల్లే. వెనక్కి రాకపోతే ఊపిరాడదు. వచ్చి చూస్తే కాసేపు బాగుంటుంది. మళ్లీ గడప. మళ్లీ మొదలు." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "ముందు కాస్త ఉండేది. పాప పుట్టాక మరీ ఎక్కువైంది. ఇదంతా అర్థం లేనిదని తెలుసు. తెలిసీ ఆపలేకపోతున్నా. కొత్త ఆసుపత్రి లిఫ్టులు నాకే అప్పగిస్తానంటున్నాడు మేనేజరు. రోగుల్ని పడుకోబెట్టి తీసుకెళ్లే లిఫ్టులక్కా అవి. నా వల్ల కాదు. పని మానేస్తాను."

చిన్నప్పుడు ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ విప్పి, లోపల ఏముందో చూసి, మళ్లీ బిగించిన పిల్లాడు. లిఫ్టు పని తప్ప ఇంకే పనీ చెయ్యనని పట్టుబట్టి అక్క వెనకే వచ్చినవాడు. వాడు ఆ పని మానేస్తే తర్వాత ఇల్లు దాటడం కూడా మానేస్తాడని అక్కకు తోచింది. పాప సంగతి సరేసరి.

"మానడం తర్వాత," అంది. "ముందు దీని సంగతి చూద్దాం."

ఆవిడ ముందు తనకు తెలిసిన వైద్యమే చేసింది. పని అవగానే బ్రేకును ఫోనులో ఫొటో తీసుకో, అనుమానం వస్తే చూసుకో, అంతే అంది. వారం తిరక్కముందే మరదలు ఫోను చేసింది. అన్నం ముందు కూర్చుని ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తున్నాడట. ఈ ఫొటో ఇవాళ్టిదేనా నిన్నటిదా అని కొత్త అనుమానం పట్టుకుందట. ఓడిపోయానని ఒప్పుకునే అలవాటు అక్కకు లేదు. "ఇది నా పనిముట్లకు లొంగే సరుకు కాదు," అని మాత్రం అంది. ఆ రోజే మానసిక వైద్యురాలి దగ్గర సమయం తీసుకుంది.

"నేనేమైనా పిచ్చివాణ్నా?" అన్నాడు తమ్ముడు.

"లిఫ్టు ఆగితే జనం మనల్ని పిలుస్తారా, లిఫ్టును తిడతారా?"

"మనల్ని పిలుస్తారు."

"ఆవిడదీ అలాంటి పనే. నోరు మూసుకుని బండెక్కు."

డాక్టరమ్మ గదిలో కిటికీ దగ్గర మూడు కుర్చీలున్నాయి. కూర్చోగానే అక్క మొదలుపెట్టింది. తలుపు కన్ను, దుమ్ము, బట్టల దుకాణం, చంటిపిల్ల బండి, అన్నీ ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ శ్రద్ధగా విని, "మీరు బాగా గమనించారు. ఇప్పుడు ఆయన్ను మాట్లాడనిద్దామా?" అంది. అక్క నోరు టక్కున మూసుకుంది. అంత మర్యాదగా ఆవిడ నోరు మూయించినవాళ్లు అంతకుముందు లేరు.

డాక్టరమ్మ అడిగినవి మామూలు ప్రశ్నలే. ఆ ఆలోచన రావాలని మీరు కోరుకుంటారా? వచ్చాక ఏం చేస్తారు? చేశాక ఎంతసేపు నిమ్మళంగా ఉంటుంది? దీనివల్ల ఏమేం వదులుకున్నారు? నిద్ర, తిండి, దిగులు గురించి అడిగింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగా అడిగింది. లేదన్నాడు తమ్ముడు. ఆ ప్రశ్నకు అక్క గుండె జారింది, ఆ జవాబుకు తిరిగి చోటుకొచ్చింది. పాపను లిఫ్టు ఎక్కనివ్వని సంగతి చెబుతున్నప్పుడు తమ్ముడు వెక్కివెక్కి ఏడ్చాడు.

"దీన్ని ఓసీడీ అంటారు," అంది డాక్టరమ్మ. "జాగ్రత్త వేరు, ఇది వేరు. జాగ్రత్త గలవాళ్లు చూసి వదిలేస్తారు. మీరు చూసినా వదల్లేకపోతున్నారు. వద్దన్నా వచ్చే ఆలోచన ఒకటి. దాన్ని దించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పని ఇంకొకటి. ఆ రెండింటి మధ్య మీ సాయంత్రాలు, మీ పాప నలిగిపోతున్నారు. మీది చాదస్తమూ కాదు, మంచి గుణమూ కాదు. జబ్బు. దీనికి వైద్యం ఉంది, చాలామందికి బాగా తగ్గుతుంది. మందు రాస్తాను, అది పనిచెయ్యడం మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. దాంతోపాటు మీరు చెయ్యాల్సిన సాధన ఉంది." అప్పుడు అక్కవైపు తిరిగింది. "ఆయన 'సరేనా' అని అడిగితే ఎవరు జవాబు చెబుతారు?"

"నేనే," అంది అక్క, బడిలో చెయ్యెత్తినట్టు. "ఎప్పుడడిగినా చెబుతాను. స్నానం మధ్యలో ఉన్నా ఫోనెత్తి చెబుతాను."

"అది ఆపాలి."

అక్క కుర్చీలో ముందుకు జరిగి డాక్టరమ్మ వంక చూసింది.

"మీ మాటతో ఆయనకు ప్రాణం కుదుటపడుతుంది. ఆ సుఖం మరిగిన మనసు మళ్లీ భయాన్ని పంపిస్తుంది. అడగకుండా, చూడకుండా కూర్చున్నా భయం దానంతటదే దిగిపోతుందని ఆయనకు అనుభవంలోకి రావాలి. మీరు సరే అన్నప్పుడల్లా ఆ అవకాశం పోతోంది."

"ప్రేమతోనే కదండీ చెప్పింది," అంది అక్క. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

"అందుకే ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేకపోయారు."

"మరి మా పని పద్ధతి? సరే అనకపోతే కరెంటు వెయ్యకూడదు."

"పద్ధతి ప్రకారం ఎన్ని సరేలు?"

"ఒక్కటి."

"ఆ ఒక్కటీ చెప్పండి. అది లిఫ్టు కోసం. రెండోది జబ్బు కోసం, అది వద్దు. అడిగినప్పుడు కసరకండి, తప్పించుకు తిరగకండి. 'నేనిక్కడే ఉన్నాను, జవాబు మాత్రం చెప్పను' అనండి. చాలు."

మర్నాడు సాయంత్రమే ఫోను మోగింది. అక్క కూరగాయలు తరుగుతోంది.

"అక్కా, బ్యాంకు లిఫ్టు... సరేనా?"

"నేనిక్కడే ఉన్నానురా. జవాబు మాత్రం చెప్పను."

"అది కాదక్కా, ఇవాళ ఒక్కసారి. రేపటినుంచి అడగను."

"ఇక్కడే ఉన్నా. చెప్పను."

"సరే అనే రెండక్షరాలు కదా! నీకేం పోతుంది?" అతను అరిచినంత పని చేశాడు. "అసలు నువ్వు నా అక్కవేనా?"

ఫోను అవతల ఊపిరి ఎగిసిపడుతోంది. అక్క పెట్టెయ్యలేదు, మాట్లాడనూ లేదు. చెవికి అలాగే ఆనించుకుని నిలబడింది. చివరికి తమ్ముడే పెట్టేశాడు. అప్పుడావిడ కత్తి పక్కన పెట్టి, పొయ్యి కట్టేసి, వంటింటి నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. కాసేపటికి మరదలు ఫోను చేసి, "గోడ వంక చూస్తూ కూర్చున్నాడు వదినా. నన్నూ అడిగాడు, నేనూ చెప్పలేదు," అంది. "శభాష్," అంది అక్క, ముక్కు చీదుకుంటూ. ఇంకాసేపటికి మళ్లీ చేసి, "భోంచేస్తున్నాడు," అంది. ఆ ఒక్క మాటకు అక్కకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

అలాగని మర్నాటికల్లా అంతా బాగైపోలేదు. ఒక రోజు గడప దాటి తిన్నగా ఇంటికెళ్లాడు, రెండు రోజులు వెనక్కొచ్చాడు. మందు మొదట్లో కడుపులో తిప్పింది. డాక్టరమ్మ చెప్పినట్టు ముందు తేలికవి వదిలాడు, తర్వాత కష్టమైనవి. ఫోనులో ఫొటోలు తనే చెరిపేశాడు. ఇంటి లిఫ్టు ముందు పాపతో కలిసి ఊరికే నిలబడడం మొదలుపెట్టాడు. ఒకసారి మెట్ల మీద అడిగినప్పుడు అక్క ఏదో ధ్యాసలో ఉండి, పాత అలవాటు కొద్దీ "సరే" అనేసింది. నాలుక కరుచుకునేలోపే తమ్ముడు ఆగి వెనక్కి చూశాడు.

"అక్కా, అది రెండోది," అన్నాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. ఆ రోజు అక్కకు తేలిపోయింది, వీడు గెలుస్తాడని.

తమ్ముడే వెళ్లి మేనేజరుకు సంగతి చెప్పాడు. మేనేజరు అక్కను పిలిచి గొణిగాడు. "బంగారంలాంటి జాగ్రత్తపరుణ్ని పాడుచేస్తున్నారేమో చూడక్కా."

"జాగ్రత్త మన పద్ధతిలో ఉందండీ. వాడి బాధలో లేదు," అంది అక్క. "ఆసుపత్రి లిఫ్టులు వాడికే ఇవ్వండి."

అప్పగింత రోజు రానే వచ్చింది. ఇంకా రోగులు అడుగుపెట్టని కొత్త భవనం, రంగు వాసన పోలేదు. పై అంతస్తు మోటారు గదిలో తమ్ముడు బ్రేకు బిగించాడు.

"సరేనా అక్కా?"

అక్క రెండు చేతులతో పట్టి, కదిపి, వంగి చూసింది. "సరే."

అతను కరెంటు వేశాడు, లిఫ్టును నడిపి చూశాడు, గదికి తాళం వేశాడు. మెట్ల దగ్గర ఆగిపోయాడు. భుజాలు బిగుసుకోవడం వెనకనుంచి అక్కకు కనబడుతూనే ఉంది. నాలుక చివర సరే, సరే అని ఊరుతోంది. ఆవిడ పళ్లు బిగించింది. తమ్ముడు రెయిలింగు పట్టుకుని అలా నిలబడే ఉన్నాడు. తర్వాత ఒక మెట్టు దిగాడు, ఇంకో మెట్టు దిగాడు. కింది దాకా ఒక్క మాటా అడగలేదు.

కింద మరదలు, పాప వచ్చి ఉన్నారు. పాప ఆ పెద్ద తలుపుల్ని తల పైకెత్తి చూస్తోంది.

"నాన్నా, ఇది నువ్వు చేశావా? ఎక్కుదామా?"

మరదలు ఊపిరి బిగబట్టింది. తమ్ముడి మొహంలో రక్తం లేదు. అక్కవైపు తిరగబోయి మధ్యలోనే ఆగాడు. పాపను ఎత్తుకోలేదు. వేలు పట్టుకున్నాడు. బటను నొక్కి, తలుపు తెరుచుకున్నాక, ఆ పసిదాని అడుగులకు తన అడుగులు తగ్గించుకుంటూ లోపలికి నడిచాడు. మరదలూ వెళ్లింది. తలుపు మూసుకుంది.

అక్క ఒక్కతే మిగిలింది. తలుపు పైన అంకెలు మారుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక తన చేతిపని మీద అనుమానమన్నది ఎరగని ఆ మనిషికి ఉన్నట్టుండి అరచేతులు చల్లబడ్డాయి. ఆ చివరి బోల్టు పట్టి చూశానా? పట్టానే. పట్టానా? ముగ్గురూ అందులోనే ఉన్నారు.

లిఫ్టు తిరిగి కిందికొచ్చింది. తలుపు తెరుచుకుంది. లోపల పాప కేరింతలు కొడుతోంది. మరదలు నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. మళ్లీ ఎక్కుదామని పాప తండ్రి చొక్కా పట్టి లాగుతోంది. తమ్ముడు చెమటతో తడిసి ముద్దయ్యాడు. అయినా బటను మీద వేలు పెట్టాడు.

"ఒరేయ్," అంది అక్క, తెలియకుండానే ఒకడుగు ముందుకేసి. "ఆ చివరి బోల్టు... సరేనా?"

తమ్ముడు ఆవిడ మొహం వంక చూశాడు. అందులోని భయం అతనికి బాగా తెలిసినదే. ఎన్నాళ్లకో మళ్లీ, చిన్నప్పుడు బొమ్మ విప్పి బిగించి చూపించినప్పటిలా నవ్వాడు.

"నేనిక్కడే ఉన్నానక్కా," అన్నాడు. "జవాబు మాత్రం చెప్పను."

తలుపు ఒక్కసారికే మూసుకుంది. లిఫ్టు పైకి వెళ్లింది.